చేతివాటం

ఆ కత్తి పూజకు వాడేదని మొట్టమొదటి అభిప్రాయం వచ్చింది. చెప్పింది నా పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగి. మా మ్యూజియంలో ఏ వస్తువు దేనికో తెలియకపోతే ఆయన దాన్ని పూజలో కూర్చోబెట్టేస్తాడు. చెక్క గరిటె పూజకే, వెదురు గంప పూజకే, ఒకసారి చేపలు పట్టే బుట్ట కూడా పూజకే అన్నాడు. అందుకే ఆయన వెనకాల మేమందరం ఆయన్ని ‘పూజకే సారు’ అంటాం.

“ఎలా చెప్పగలరు?” అని అడిగాను.

“పట్టుకుని చూడండి మేడమ్. చేతిలో ఇమడదు. పనికిరాని కత్తిని పనిగట్టుకుని ఎందుకు చేస్తారు? పూజకే.”

ఆయన దగ్గర్నుంచి తీసుకుని పట్టుకుని చూశాను. నా చేతిలో అది బుద్ధిగానే కూర్చుంది. ఆ మాటే అన్నాను.

“రోజూ పట్టుకుంటున్నారు కదా, మీకు అలవాటైపోయింది” అని తేల్చేసి ఆయన టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆ టీ గ్లాసు మీద పోయాల్సిన కోపమంతా నేను నా సొరుగు మీద చూపించాను. దాని పిడి ఊడి చేతికొచ్చింది.

నా పని పాత పనిముట్లు, ఆయుధాలు ఏ జాతివాళ్ళవో, ఏ కాలానివో చెప్పడం. జీతం తీసుకునేది అందుకే. అలాంటిది ఒక్క కత్తి నన్ను నెలల తరబడి ఏడిపిస్తోంది. మూరెడు కంటే కాస్త పొట్టిది. అలుగు, అంటే కోసే రేకు, ముందుకు వంగి ఉంటుంది. అలుగుకు ఒక పక్క చదును, రెండో పక్క మాత్రమే సాన. పిడి దుప్పికొమ్ముతో చేసింది, వేళ్ళు కూర్చునేలా గుంటలు చెక్కారు. గుంటలు మూడే ఉన్నాయి. చిటికెన వేలికి ఉండాల్సిన నాలుగో గుంట లేదు. అక్కడ కొమ్మును బల్లపరుపుగా చెక్కి వదిలేశారు.

పరాయి కత్తి అయితే ‘మూలం తెలియదు’ అని చీటీ రాసి అద్దాల పెట్టెలో పడేసేదాన్ని. మా మ్యూజియంలో మూలం తెలియని సరుకు కొల్లలు. కానీ ఈ కత్తి మా మేనత్త తెచ్చిచ్చింది. నిజానికి ఆమెది కూడా కాదు, వాళ్ళ నాన్నది, అంటే మా తాతయ్యది. అది ఆయనది కూడా కాదన్నదే మా ఇంటి గొడవ.

తాతయ్య టీకాలు వేసే ఉద్యోగి. ఏడాదిలో సగం కాలం ఎగువ లోయలోనే ఉండేవాడు. కొండ మీది ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి మనుషులకు టీకాలు వేసి వచ్చేవాడు. ఒకసారి వస్తూ వస్తూ ఈ కత్తి తెచ్చాడు. ముందుగది గోడకు మేకు కొట్టి తగిలించాడు. ఆ ఏడే వాళ్ళ శిబిరంలో సామాన్లు పోయాయని, కొండవాళ్ళ ఇళ్ళలోనూ ఏవేవో మాయమయ్యాయని విచారణ జరిగింది. తప్పు ఫలానావాడిదని తేలలేదు గానీ, వెళ్ళిన వాళ్ళందరికీ ఆ మసి అంటుకుంది. ఆ రోజుల్లోనే తాతయ్యతో కలిసి తిరిగే కాంపౌండరు ఇంటికి వచ్చాడు. నానమ్మ గోడ మీది కత్తి చూపించి, ఇది ఎక్కడిదని అడిగింది. ఆయన పెద్దగా నవ్వి, “అంతా మీ ఆయన చేతివాటం మహిమమ్మా!” అన్నాడట.

తలుపు చాటున నిలబడి ఆ మాట విన్నది మా అత్త. అప్పటికి చిన్నపిల్ల.

చేతివాటం అంటే దొంగబుద్ధి అని ఎవరికి తెలియదు? నానమ్మ ఆ పూటే కత్తిని పాత గుడ్డలో చుట్టి అటక మీద పడేసింది. తాతయ్య పని నుంచి వచ్చి, ఖాళీ మేకు వంక కాసేపు చూసి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడట. ఎందుకు తీసిందో ఆమె చెప్పలేదు, ఎందుకు తీశావని ఆయన అడగలేదు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఆయన పోయాడు. ఆ తర్వాత ఎప్పటికో నేను పుట్టాను. ఆయన ఫొటో మా వాళ్ళ ఏ ఇంట్లోనూ గోడ ఎక్కలేదు. ఆయన ఊసెత్తితే మా నాన్న ఒంటికాలి మీద లేచేవాడు. కాబట్టి తాతయ్య అనే మనిషి గురించి నాకు తెలిసింది ఆ ఒక్క మాటే.

అత్త జీవితమంతా ఆ ఇంట్లోనే ఉండి బట్టలు కుట్టింది. ఇప్పుడు కళ్ళు సహకరించక, కుట్టుమిషను ఎవరికో ఇచ్చేసి, కూతురి దగ్గరికి మారిపోతోంది. ఇల్లు సర్దుతుంటే అటక మీది గుడ్డ మూట కిందికి దిగింది. మూటను వేళ్ళ చివర్లతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుని తెచ్చి నా ముందు పెట్టింది.

“ఇది ఏ జాతివాళ్ళదో చెప్పు. వెళ్ళి వాళ్ళ చేతుల్లో పెట్టి, మా నాన్న తరఫున క్షమించమని అడిగి వస్తాను.”

“ఇప్పుడెందుకత్తా ఇదంతా? ఏ కాలం నాటి మాట!”

“ఏ కాలం నాటిదైతేనేం? ఎంత దొంగైనా నాకు నాన్నే కదే. ఆయన చిటికెన వేలు పట్టుకుని నడిచినదాన్ని. ఈ పేరు ఆయన మీద ఇలాగే ఉంచేసి నేను పోవాలా?” అంది. కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. తుడుచుకోలేదు. “నువ్వు చదివింది ఈ చదువే కదా. నీకెంతసేపు?” అంది.

ఆ మాటకు ఉబ్బిపోయి, వారం తిరక్కుండా చెప్తానన్నాను. నా నోరు ఊరుకోదు. అదే నాకు ముప్పు.

తాతయ్య తిరిగింది ఎగువ లోయలో కాబట్టి మొదట అక్కడి కత్తులతోనే పోల్చి చూశాను. మా స్టోరులో వాళ్ళ వెదురు చీల్చే కత్తులు ఒక సొరుగు నిండా ఉన్నాయి. దుప్పికొమ్ము పిడి సరిపోయింది, అలుగు వంపు సరిపోయింది. కానీ వాళ్ళ కత్తులన్నిటికీ సాన కుడిపక్క ఉంటుంది, దీనికి ఎడమపక్క ఉంది. వేళ్ళ గుంటలు కూడా అటువి ఇటు. అన్నీ తలకిందులే. సరే, లోయ కాదు, అక్కడి సంతల్లో ఏ దూరదేశపు సరుకో చేరి ఉంటుంది అనుకుని ఆ సొరుగు మూసేశాను.

ఆ తర్వాత పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. ఆయన మా విభాగానికి ఒకప్పటి అధిపతి. ఉద్యోగ విరమణ చేశాడు గానీ కుర్చీని విడిచిపెట్టలేదు. రోజూ వచ్చి అందులో కూర్చుని, మేం చేసే పనుల్లో తప్పులు చెప్పి వెళ్తాడు. కత్తిని చూడగానే, “దీవులవాళ్ళది” అన్నాడు.

“ఎలాగండీ?”

“సాన ఎడమపక్క ఉంది చూడు. దీవులవాళ్ళు కత్తిని తమవైపు లాక్కుంటూ చెక్క చెక్కుతారు. వాళ్ళ పద్ధతే అది. ఇంకో మాట లేదు.”

“మరి పిడి దుప్పికొమ్ముది కదండీ. దీవుల్లో దుప్పులెక్కడివి?”

ఆయన నా వంక జాలిగా చూశాడు. “అయితే అతుకు సరుకు. ఎవరిదో అలుగు, ఎవరిదో పిడి. మధ్యలో ఏ వ్యాపారో కలిపి ఉంటాడు. పైగా ఈ పిడి చూడు, నాలుగో గుంట చెక్కకుండానే వదిలేశాడు. చేతిలో నిలవదు. తెలియనివాళ్ళకు అంటగట్టే బాపతు.”

“నా చేతిలో నిలుస్తోందండీ.”

“నువ్వు సర్దుకుంటున్నావు” అన్నాడు పెద్దసారు. నేను సర్దుకుపోయే రకం కాదని ఆ గదిలో కుర్చీలకు కూడా తెలుసు.

అలుగూ పిడీ ఒకేసారి చేసినవో, తర్వాత కలిపినవో తేల్చుకుందామని లోహపరీక్షకు పంపించాను. ఆ పరీక్షల వాళ్ళ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. ఫోన్ చేస్తే సంబంధిత అధికారి సెలవులో ఉన్నాడనేవాళ్ళు, వెళ్తే భోజనానికి వెళ్ళాడనేవాళ్ళు. ఆఖరికి ఫలితం వచ్చింది. అలుగు ఇనుముతో చేసినదని అందులో ఉంది. మళ్ళీ చదివాను, వెనక్కి తిప్పి చూశాను. ఇనుమే. పిడిలో అలుగును బిగించిన లక్క మాత్రం పాతదేనట, మధ్యలో ఎవరూ విప్పి మళ్ళీ బిగించిన గుర్తులు లేవట. అంటే అతుకు సరుకు కాదు. అలుగు దీవులంటుంది, పిడి కొండలంటుంది, రెండూ పుట్టినప్పటి నుంచీ కలిసే ఉన్నాయి. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఈ లోపల అత్త ఫోన్లు. మొదట్లో, “ఏమైందే?” అనేది. తర్వాత, “ఏమైనా అయిందా?” అనేది. ఆ తర్వాత పేరు కూడా పిలవకుండా, ఎత్తగానే, “అయితే ఇంకా లేదన్నమాట” అని పెట్టేసేది. సామాను మూటలన్నీ కట్టేసి, ఈ ఒక్క జవాబు కోసం కూతుర్ని ఇవాళా రేపూ అని ఆపుతోందని నాకు తెలుసు. నేను నీళ్ళు నమిలిన ప్రతిసారీ, దొంగసొత్తు చేతిలో పట్టుకుని ఎవరి తలుపు తట్టాలో తెలియక నడివీధిలో నిలబడ్డ ముసలమ్మ నా కళ్ళముందు కనబడేది. నా మీద నాకే చిర్రెత్తుకొచ్చేది.

ఒక సాయంత్రం కూర్చుని చీటీ రాశాను. ‘కత్తి. ఇనుము, దుప్పికొమ్ము. మూలం తెలియదు.’ ఎప్పటిలాగే నా అరచెయ్యి ఇప్పుడే రాసిన అక్షరాల మీదుగా పాకి సిరా అంతా అలికేసింది. ‘తెలియదు’ అన్న మాట కూడా సరిగ్గా రాయలేకపోయానని ఆ కాయితాన్ని ఉండచుట్టి పారేసి, ఇక లాభం లేదు, ఓడిపోయానని ముఖాముఖి చెప్పేద్దామని అత్త ఇంటికి బయల్దేరాను.

అత్త కుట్టుగది అంతా మూటలే. మిషను ఉండేచోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. నన్ను చూడగానే సంగతి గ్రహించింది. మొహం తిప్పుకుని, “వచ్చినదానివి ఊరికే కూర్చోకు. ఆ పాత దుప్పటి పేలికలుగా కత్తిరించు, మూటలు కట్టాలి” అంది.

ఆమె కుట్టుకత్తెర తీశాను. బరువైన ఇనుప కత్తెర. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే వీపు విమానం మోత మోగించేది. ఇప్పుడు తనే కత్తిరించమంటోంది. దుప్పటి అంచు పట్టుకుని కత్తిరించబోతే గుడ్డ తెగలేదు, రెండు రేకుల మధ్యా మడతపడి నలిగింది. గట్టిగా నొక్కాను. ఇంకా నలిగింది. మెలిపెట్టి నొక్కాను. బొటనవేలు ఒరుసుకుపోయింది.

“ఈ దిక్కుమాలిన కత్తెర కూడా నామీద కక్ష కట్టింది!” అని దాన్ని నేల మీదికి గిరాటు వేశాను.

“అదేం చేసింది పాపం? కుడిచేతివాళ్ళ కత్తెర అది” అని అత్త వంగి తీసుకుంది. “నీకు తెగదులే. నీది పుర్రచేతివాటం. ఇంట్లో ఇంకెవరికీ లేదు. అచ్చం మా నాన్న చేతివాటమే వచ్చింది నీ...”

మాట అక్కడ ఆగిపోయింది. కత్తెర ఆమె చేతిలో తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

“ఏమన్నావత్తా?”

“ఏమన్నాను?” అంది. ఏమన్నదో ఆమెకు తెలుసు. మొహంలో రంగు మారిపోయింది. పక్కనున్న మూట మీద కూలబడింది.

“తాతయ్యది ఎడమచెయ్యా?”

“ఆఁ. తినడం, రాయడం మటుకు కుడిచేత్తోనే. బడిలో అయ్యవారు ఎడమచెయ్యి చాపించి బెత్తంతో కొట్టి కొట్టి మాన్పించాడట. మిగతా పనులన్నీ ఎడమచేత్తోనే. సూది పట్టుకోవడం కూడా. ఎడమచేత్తో టీకా వేస్తున్నాడని కొండ మీద పిల్లలు గుంపులుగా చేరి చూసేవాళ్ళని నవ్వుతూ చెప్పేవాడు.”

“ఇన్ని నెలలుగా ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు?” గొంతు చించుకుని అరిచాను.

“నువ్వు అడిగావా? కత్తి గురించి వంద ప్రశ్నలు వేశావు. మనిషి గురించి ఒక్కటి అడిగావా?” అంతకంటే గట్టిగా అరిచింది అత్త.

అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ ఎవరి మీద? పుట్టినప్పటి నుంచీ ఎడమచేతిదాన్ని. కత్తెరలు, తలుపు గడియలు, బడిలో బల్లలు, అన్నీ నాకు అడ్డం తిరిగే ఉంటాయి. వాటన్నిటినీ తిట్టుకుంటూ బతికాను. ఒక్క వస్తువు, బతుకు మొత్తంలో ఒకే ఒక్క వస్తువు, నా చేతిలో సరిగ్గా ఇమిడితే, ఎందుకు ఇమిడిందని ఒక్కసారైనా అనుకోలేదు. పెద్దసారు చేతిలో నిలవలేదంటే ఆయన్ని తప్పుపట్టాను గానీ, ఆయన ఏ చేత్తో పట్టుకున్నాడో చూడలేదు.

మర్నాడు మ్యూజియం తలుపులు తియ్యగానే స్టోరులోకి పరుగెత్తాను. ఎగువ లోయ సొరుగు లాగి, అందులోంచి ఒక కత్తి తీసి తాతయ్య కత్తి పక్కన పెట్టాను. పూజకే సారు తన సొరుగులో దాచుకునే చిన్న అద్దం, బట్టతల మీద మిగిలిన వెంట్రుకలు సర్దుకోవడానికి వాడేది, అడక్కుండానే తెచ్చుకున్నాను. దాన్ని తాతయ్య కత్తి పక్కన నిలబెట్టాను. అద్దంలో కనబడ్డది లోయ కత్తి. సాన కుడిపక్కకు వచ్చింది. వంపు, పిడి, గుంటల వరస అన్నీ సొరుగులో కత్తితో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. మొట్టమొదట తెరిచి మూసేసిన సొరుగు అది.

పెద్దసారును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. ఆయన అద్దాన్నీ కత్తినీ మార్చి మార్చి చూసి, “ఎడమచేతివాడి కోసం చేసింది” అన్నాడు. మెచ్చుకుంటాడేమో అనుకుంటుండగా, “అయితే మీ తాత దొంగ కాదని ఎలా తేలింది?” అన్నాడు.

“ఎందుకు తేలదండీ? ఆయనది ఎడమచెయ్యి, కత్తిది ఎడమచెయ్యి.”

“కొండవాళ్ళలో ఎడమచేతివాళ్ళు పుట్టరా? అలాంటివాడి ఇంట్లో కనబడింది, తన చేతికి కుదిరింది, సంచిలో వేసుకున్నాడు. కుదిరింది కాబట్టే వేసుకుని ఉండొచ్చు.”

ఆ మనిషిని ఆ సొరుగులోనే పెట్టి తాళం వెయ్యాలనిపించింది. ఎందుకంటే ఆయన అన్నది నిజమే. కత్తి ఎక్కడిదో తెలిసింది, ఎవరిదో తెలియలేదు. పైగా లోయ కత్తులన్నిటికీ నాలుగు గుంటలు ఉన్నాయి. వాళ్ళు పిడి ఎలా చేస్తారో చెప్పే చీటీ ఆ సొరుగు మీద నేను రాసిందే ఉంది. కత్తి చేయించుకునే మనిషి పిడికిట్లో తడిమట్టి ముద్ద పెట్టి బిగించమంటారు. అందులో పడ్డ వేళ్ళ అచ్చు చూసుకుని కొమ్ము చెక్కుతారు. అందుకే ఒకరి కత్తి ఇంకొకరికి కుదరదు. అంత పద్ధతిగా చేసేవాళ్ళు ఒక వేలిని మరిచిపోతారా? తాతయ్య కత్తి మూడు గుంటల దగ్గర ఆగిపోయి నన్ను వెక్కిరిస్తూనే ఉంది.

అత్తకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎగువ లోయది అన్నాను. దొంగతనం కాదని మాత్రం చెప్పలేను అన్నాను.

“సరే. చోటు తెలిసింది కదా, చాలు. వచ్చి పట్టుకెళ్తాను. వెళ్ళి ఇచ్చేస్తాను” అంది. ముందురోజు రాత్రంతా ఏదో ఆశ పెట్టుకుని ఉంటుంది. అది గొంతులోంచి దిగిపోవడం నాకు వినబడింది.

మధ్యాహ్నం గుడ్డ సంచి పట్టుకుని వచ్చింది. నా బల్ల ఎదురుగా కూర్చోబెట్టి కత్తిని ముందు పెట్టాను. దాన్ని సంచిలోకి తోసెయ్యమన్నట్టు సంచి మూతి తెరిచి పట్టుకుంది, చెయ్యి మాత్రం చాపలేదు.

“ఒక్కసారి పట్టుకుని చూడత్తా.”

“నేను ముట్టుకోను. ఎప్పుడూ ముట్టుకోలేదు. గుడ్డలోనే ఉండేది.”

“ఇన్నాళ్ళు నా ప్రాణం తీశావు కదా, నాకోసం ఒక్కసారి. ఎడమచేత్తో.”

విసుక్కుంటూ ఎడమచెయ్యి చాపింది. మ్యూజియం నియమం ప్రకారం చేతితొడుగు ఇవ్వాలి. ఇవ్వలేదు. పిడి మీద వేళ్ళు వేసింది. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు గుంటల్లోకి దిగాయి, వదులుగానే అయినా దిగాయి. చిటికెన వేలు ముడుచుకోబోయి చదునుగా ఉన్నచోట జారిపోయింది. మళ్ళీ ముడిచింది. మళ్ళీ జారింది.

“ఈ వేలికి చోటు లేదేమే?”

“పని సగంలో ఆపేశారట” అన్నాను. నాకే సిగ్గేసింది ఆ మాటకు.

అత్త తన చేతిని కళ్ళ దగ్గరగా తెచ్చుకుని చూసింది. తర్వాత మెల్లగా చిటికెన వేలిని చాపింది. అది ఆ చదును మీద తిన్నగా, ఆనించి పెట్టినట్టు నిలిచింది. చదును అనుకున్నది చదును కాదు, చాపిన వేలికి చేసిన చోటు. తడిమట్టిలో వేలి అచ్చు ఎలా పడితే అలా చెక్కారు, పని పూర్తిగానే చేశారు.

“మా నాన్న చిటికెన వేలు వంగదు” అంది అత్త.

అటు మూల నుంచి ఇదంతా చూస్తున్న పెద్దసారు తన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“అయ్యవారి బెత్తం దెబ్బకు విరిగి, విరిగినట్టే అతుక్కుపోయింది. పుల్లలా నిలబడే ఉండేది. పిడికిలి బిగించినా అదొక్కటి బయటే ఉండేది. నేను పట్టుకుని నడిచింది ఆ వేలేనే. నాకోసమే అలా చాపి ఉంచేవాడనుకునేదాన్ని.”

పెద్దసారు బయటికి వెళ్ళిపోయాడు. ఎగువ లోయలో ఎవరో తాతయ్య ఎడమచేతిలో మట్టి ముద్ద పెట్టి బిగించమన్నారు. టీకా వేసిన చేతికి కొలత తీసుకుని కత్తి చేసి ఇచ్చారు. కాంపౌండరు దగ్గరుండి అదంతా చూసి ఉంటాడు. అందుకే నవ్వుతూ, చేతివాటం మహిమ అన్నాడు. ఆయన చెప్పింది చెయ్యి గురించి. నానమ్మ విన్నది దొంగతనం గురించి.

అత్త ఏడుస్తుందనుకున్నాను. ఆమె కుడిచేత్తో నా బల్ల మీద దభీమని గుద్దింది. సిరాబుడ్డి ఎగిరిపడింది.

“అడగచ్చు కదా! మా అమ్మ ఒక్క మాట అడగచ్చు కదా! నేనూ అడగలేదు. ఆ మేకు వంక చూసి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడే, ఆయనైనా నోరు తెరిచి ఇది నాకిచ్చారు అని చెప్పచ్చు కదా! ఎవరి మీద కోప్పడాలే నేనిప్పుడు? ఒక్కళ్ళైనా మిగిలారా?”

పూజకే సారు టీ గ్లాసుతో గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపలికి రావద్దని చేత్తో సైగ చేశాను.

“క్షమించమని అడగడానికి వెళ్తానన్నాను కదే” అంది కాసేపటికి, గొంతు తగ్గించి. “ఎవర్ని అడగను?”

అత్త ఎడమచేతిలో కత్తి అలాగే ఉంది, చిటికెన వేలు అలాగే చాపి ఉంది. కుడిచెయ్యి తెచ్చి ఆ వేలిని పట్టుకుంది, చిన్నపిల్లలు పట్టుకున్నట్టు పిడికిలంతా బిగించి. అలా పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నేను ఖాళీ సంచి తీసి మడతపెట్టాను.